పరుపుల కొట్టులో ఒకే ఒక్క ఉద్యోగి

పరుపులమ్మే మనిషికే నిద్ర పట్టదంటే ఎవరూ నమ్మరు. కానీ బజారు వీధి పరుపుల కొట్టాయన సంగతి సరిగ్గా అదే. ఊళ్ళోవాళ్ళ నడుముల కింద మెత్తగా దూది పరిచి, తాను మాత్రం ముళ్ళ మీద పొర్లే జాతకం. కొట్టు ముందు మోటారు సైకిలు ఆగితే దడ. ఖాకీ రంగు కవరు కనబడితే దడ. ఫోను మోగితే దడ, రోజంతా మోగకపోతే ఎందుకు మోగలేదని ఇంకో దడ. అందుకని వీధిలో అందరూ ఆయన్ని ఎదురుగా "పరుపులాయన" అని పిలిచి, వెనకాల "దడగారు" అనేవాళ్ళు. ఆ రెండో పేరే నిలిచిపోయింది.

అన్ని దడలకూ పెద్దన్న పన్ను ఆఫీసు. అది బజారు చివర మలుపులోనే ఉంది. దడగారు బ్యాంకుకు వెళ్ళాలంటే దాని ముందునుంచే దారి. అయినా ఆయన కూరగాయల సందులోంచి, చేపల అంగడి వెనకనుంచి, ముక్కు మూసుకుని చుట్టూ తిరిగి వెళ్ళేవారు. కంపు భరించవచ్చు, ఆ భవనం కిటికీల చూపు భరించలేమని ఆయన లెక్క.

భయానికి కారణం లేకపోలేదు. కొట్టులో ముగ్గురు పనివాళ్ళు. గలీబులు కుట్టే ఆవిణ్ణి సూదక్క అంటారు. దూది ఏకి పరుపులో కూరే పెద్దాయన దూదితాత. తయారైన పరుపుల్ని ఇళ్ళకు చేరవేసేవాడు బండన్న. ముగ్గురూ ఏళ్ళ తరబడి చెమటోడుస్తున్నారు గానీ, ముగ్గురిలో ఒక్కరి పేరు కూడా ఏ కాగితం మీదా లేదు. సర్కారు లెక్కలో ఆ కొట్టులో పరుపులు వాటంతటవే పుడుతున్నాయి.

ఈ ఏర్పాటు దడగారి తోడల్లుడిది. భార్య చెల్లెలి మొగుడు. నలుగురైదుగురు కొట్లవాళ్ళకు పన్ను లెక్కలు రాసిపెడుతూ బతుకుతాడు. ఏ మాట మొదలుపెట్టినా "దానికో మినహాయింపు ఉంది" అంటాడు గనుక అతని పేరు మినహాయింపు. రుసుము కొంచెమే పుచ్చుకుంటాడు. భోజనానికి మాత్రం తప్పకుండా ఉంటాడు.

"పనివాళ్ళని కాగితం మీద ఎక్కిస్తే వాళ్ళకి భవిష్య నిధి కట్టాలి, బీమా కట్టాలి, సెలవులివ్వాలి. కాగితం మీద లేని మనిషికి కాగితం మీద ఖర్చుండదు, అన్నయ్యా" అని ఒకనాడు వేదం చెప్పినట్టు చెప్పాడు. దడగారు తలూపారు. ఆ తలూపిన రోజునుంచే నిద్ర పోయింది.

అలాంటి మినహాయింపు, సంవత్సరం లెక్కలు మూసే రోజుల్లో ఒక మధ్యాహ్నం పీట మీద కూర్చుని, పెరుగన్నంలోకి దిగాక మెల్లగా అన్నాడు.

"అన్నయ్యా, ఈసారి లాభం కాస్త ఎక్కువ కనబడుతోంది."

దడగారికి ముద్ద గొంతుకడ్డం పడింది. లాభం వచ్చిందంటే గుండెలు బాదుకునే వ్యాపారి ఆ బజారులో ఆయనొక్కరే.

"తగ్గించవోయ్."

"తగ్గాలంటే ఖర్చు పెరగాలి."

"ఖర్చు పెంచడం మా వంశంలో లేదు."

"నిజం ఖర్చు కాదు. ఈ చేత్తో వెళ్ళి ఆ చేత్తో ఇంటికే తిరిగొచ్చే ఖర్చు." అతని చూపు వంటింటి గుమ్మం మీద ఆగింది. "వదిన్ని ఉద్యోగంలో పెట్టు."

"ఏం ఉద్యోగం? దానికి పరుపుల సంగతేం తెలుసు?"

"పరుపు మీద పడుకుంటుందా లేదా?"

"పడుకుంటుంది."

"చాలు. నాణ్యత పరిశీలకురాలు. జీతం ఎంత పెద్దదైతే నీ లాభం అంత చిన్నదవుతుంది. చెయ్యి బిగబట్టకు, ఘనంగా రాసెయ్. వదినా, నీకు ఉద్యోగమొచ్చింది."

వంటింట్లోంచి నిదానంగా ప్రశ్న వచ్చింది. "జీతమెంత, మరిది గారూ?"

మగవాళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ సంగతి ఇద్దరూ గమనించలేదు.

బజారులో ఏ గుమాస్తాకూ లేనంత జీతం రాశారు. అనుమానం రాకుండా బ్యాంకు ద్వారానే వెయ్యాలన్నాడు మినహాయింపు. నెల తిరిగింది, ఆవిడ ఖాతాలో జీతం పడింది. ఆ సాయంత్రం దడగారు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే చెయ్యి చాపారు.

"ఏదీ, ఇలా తే."

"ఏం తేవాలండీ?"

"జీతం."

"మీకు జీతమేమిటి? మీరు యజమాని కదా."

"నాది కాదు, నీది. తిరిగివ్వాలి."

"ఏ కొట్టులో ఇస్తారండీ జీతం తిరిగి? సూదక్క ఇస్తోందా?"

"సూదక్క పని చేస్తోంది."

"నన్ను చెయ్యొద్దన్నదెవరు?"

దడగారు చెప్పులతోనే తోడల్లుడింటికి పరుగెత్తారు. మినహాయింపు అంతా విని గడ్డం గోక్కున్నాడు. "బలవంతం చెయ్యకన్నయ్యా. ఆవిడ ఖాతాలోంచి నీ ఖాతాలోకి వెనక్కొచ్చిందనుకో, దొంగలెక్క అని అక్కడే పట్టుకుంటారు."

"మరి ఇంటికే తిరిగొచ్చే ఖర్చన్నావు."

"ఇంటికే వచ్చిందిగా. నీ జేబుకి రాలేదంతే."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పన్ను దగ్గర మిగిలిన దానికన్నా జీతం దగ్గర పోయింది ఎక్కువ. ఆపేద్దామా అంటే, ఒక నెల ఉద్యోగమిచ్చి రెండో నెల తీసేస్తే దానికేమంటారోనని దడ.

రెండో నెల మొదట్లో ఒక ఉదయం ఆవిడ చీర కొంగు బిగించి, భర్తతోపాటే గుమ్మం దిగింది.

"నువ్వెక్కడికి?"

"కొట్టుకి. పని చెయ్యకుండా జీతం తీసుకోవాలంటే నాకు భయమేస్తోందండీ. రేపెవరైనా వచ్చి, ఏమ్మా, నువ్వేం చేస్తావని అడిగితే?"

ఆ "ఎవరైనా" అన్న మాట దడగారి గుండెలో గునపంలా దిగింది. ఆయన భయాన్నే ఆయనకు అమ్మి, ఆవిడ ఉద్యోగంలో చేరిపోయింది.

నాణ్యత పరిశీలకురాలి పని పరుపు మీద పడుకోవడం. ఆవిడ పడుకుంది. ఒక పెద్దమనిషి కూతురి కాపురానికని జంట పరుపు బేరమాడుతుండగా, పక్కనే ఆ పరుపు మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, కాసేపటికి లేచి చెప్పింది.

"ఇది వద్దు. ఎడమ భుజం కింద గడ్డ ఉంది."

దడగారు ఆవిణ్ణి దిండ్ల వెనక్కి లాక్కెళ్ళారు. "కొనేవాడి ముందు చెబుతావా?"

"కొన్నాక చెబితే వెనక్కి తెస్తాడు. అప్పుడు బండి కూలి మీదే."

పెద్దమనిషి వెళ్ళిపోలేదు. "ఆవిడ ఏది బాగుందంటే అదివ్వండి" అని, అంతకన్నా ఖరీదైనది పట్టుకెళ్ళాడు. దడగారికి సంతోషించాలో భయపడాలో తెలియలేదు. అలవాటు ప్రకారం భయపడ్డారు.

అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. పొద్దుపోయి ఇద్దరూ ఇల్లు చేరాక, దడగారు కాళ్ళు కడుక్కుని పళ్ళెం ముందు కూర్చున్నారు. పళ్ళెం ఖాళీగా ఉంది.

"అన్నమేదీ?"

"పొద్దుట్నించీ ఎనిమిది గంటలు పని చేశానండీ. ఇప్పుడు వంట చేస్తే అది అదనపు పని. అదనపు పనికి రెట్టింపు కూలి. మరిది గారే చెప్పారు."

"వాడు చెప్పింది ఫ్యాక్టరీల గురించి."

"మరి నన్ను ఫ్యాక్టరీలో చేర్చిందెవరు?"

ఆ పూట ఇద్దరూ బ్రెడ్డు తిన్నారు. ఆవిడ తృప్తిగా తింది.

పదిహేను రోజులు తిరక్కుండానే ఆవిడ కొట్టు ఆనుపానులన్నీ పట్టేసింది. దూది నుసికి దూదితాత దగ్గుతుంటే ముక్కుకు కట్టుకునే గుడ్డలు తెచ్చింది. సూదక్క కూర్చునే చోటికి దీపం జరిపించింది. రెండో జీతం పడిన మర్నాడు కొట్టు మధ్యలో నిలబడి మామూలు గొంతుతో అడిగింది.

"ఏవండీ, వీళ్ళకి హాజరు పట్టీ లేదేం?"

"మెల్లగా. గోడలకి చెవులుంటాయి."

"మన గోడలకి పరుపులున్నాయి, ఏమీ వినపడదు. ఎందుకు లేదు?"

"నీకర్థం కాదు. అదో పెద్ద తంతు."

"సరే, మీ భయమేమిటో ఒక్కసారి విడమరిచి చెప్పండి. దడ దడ అంటే నాకేం తెలుస్తుంది?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. దడగారు దిండ్ల కుప్ప మీద కూలబడ్డారు. "ఏముంది. వీళ్ళ పేర్లు దాచానని ఒకరోజు పట్టుకుంటారు. షట్టరు దించి తాళం మీద లక్క ముద్ర వేస్తారు. మా నాన్న తలమీద పరుపులు మోసి పెట్టిన కొట్టు. వీధంతా నిలబడి చూస్తుంది. ఆ ఎర్ర ముద్ర నాకు రోజూ కళ్ళ ముందు కనబడుతుంది. కొట్టు పోతే వీళ్ళు ముగ్గురూ ఎక్కడికి పోతారు? నేనెక్కడికి పోతాను?"

ఆవిడ వెక్కిరించలేదు. "అలా ఉంటుందో లేదో ఆ ఆఫీసులోనే అడిగితే పోదా?" అంది.

"పులి బోనులోకెళ్ళి, పులిగారూ, మీ పళ్ళు ఏపాటి పదునో చెబుతారా అని అడుగుతావా?"

ఆవిడ ఇంకేమీ మాట్లాడలేదు. మాట్లాడని ఆడమనిషి ఒప్పుకుందనుకోవడం మగవాడు చేసే పాత పొరపాటు.

మర్నాడో ఆ మర్నాడో కొన్ని కాగితాలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇవి ఉద్యోగుల కాగితాలు. సంతకం కావాలట. చదువుతారా?"

"చదివితే దడ. నీ ఉద్యోగం సంగతేగా?"

"ఉద్యోగాల సంగతే."

దడగారు ముఖం పక్కకు తిప్పుకుని, పంటి డాక్టరు ముందు నోరు తెరిచినట్టు చెయ్యి చాపి సంతకాలు పెట్టేశారు.

అంతవరకూ దడ ఊహల్లోనే ఉంది. ఆ వారం చివర్లో అది ఫోనులోకి వచ్చింది.

"నమస్కారమండీ, పన్ను ఆఫీసు నుంచి. రేపు ఉదయం మీ కొట్టుకు..."

దడగారు ఇక వినలేదు. ఫోనును దిండు కింద తోసి, ఆ దిండు మీద కూర్చున్నారు. కింద నుంచి సన్నగా గొంతు ఇంకా ఏదో చెబుతూనే ఉంది. అది ఆగేదాకా లేవలేదు. ఆగాక తోడల్లుడికి కబురంపారు.

మినహాయింపు ఆఘమేఘాల మీద వచ్చాడు. అతని ముఖం కూడా పాలిపోయి ఉంది. తలుపులు మూసి, ఇద్దరూ పరుపుల మధ్య గుసగుసలాడారు.

"రేపు ముగ్గురికీ సెలవిచ్చెయ్యన్నయ్యా. కాగితం మీదున్న వదిన ఒక్కతే కనబడాలి."

"అదొక్కతే ఇన్ని పరుపులు కుట్టిందంటే నమ్ముతారా?"

మినహాయింపు కొట్టు నలువైపులా చూశాడు. కప్పును తాకేలా పరుపులు. లెక్క అప్పుడర్థమైంది అతనికి. పని చేసేవాళ్ళు కాగితం మీద లేరు, కాగితం మీదున్న మనిషి చేసే పని పడుకోవడం.

"నిజమే. పైగా రేపు ఇవ్వాల్సిన పరుపులున్నాయి. అయితే వాళ్ళని రమ్మను, కానీ పనివాళ్ళలా కాదు. కొనడానికి వచ్చినట్టు రమ్మను."

ముగ్గురినీ పిలిచి పాఠం చెప్పారు. సూదక్క నోరు నొక్కుకుంది. దూదితాత రెండుసార్లు అడిగాడు. "నేను ఏకిన దూదిని నేనే బేరమాడాలా, బాబుగారూ?"

"అవును తాతా. ఎక్కువని అనాలి."

"ఎక్కువే కదా మరి" అన్నాడు దూదితాత.

భార్యకు చెబితే ఆవిడ ఎగాదిగా చూసింది. "ఫోనులో ఇంకేమన్నారు?"

"నేను వినలేదు."

"వినుంటే బాగుండేది" అంది. "సరే, యజమాని మీరు. ఉద్యోగిని, కాదనలేను. కానివ్వండి."

దడగారికి ఆ వినయం చూసి అన్నిటికన్నా ఎక్కువ భయమేసింది.

మర్నాడు కొట్టు తెరిచిన కాసేపటికి ఆఫీసరు వచ్చింది. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, చేతిలో గొడుగూ భోజనం డబ్బా పట్టుకున్న ఆడమనిషి. వెంట పోలీసులు లేరు. లక్క డబ్బా కనబడలేదు. ముఖాన చిరునవ్వుంది. అది చూసి దడగారి దడ రెట్టింపైంది. అరిచేవాళ్ళకి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, నవ్వేవాళ్ళని ఏం చేస్తాం?

మినహాయింపు అప్పటికే గోడవారగా నిలబెట్టిన పరుపు చుట్టల మధ్య దూరిపోయాడు.

"రండి మేడమ్, కూర్చోండి మేడమ్. దాహమేస్తోందా మేడమ్? ఈ దిండు చూడండి, మెడకి మంచిది, పట్టుకెళ్ళండి."

"బిల్లు రాయమంటారా?" అని ఎక్కడినుంచో ఆడగొంతు వినిపించింది.

ఆఫీసరమ్మ తిరిగి చూసింది. కొట్టు నడిమధ్య, కొత్త పరుపు మీద, కళ్ళు మూసుకుని చేతులు రెండు పక్కలా పెట్టుకుని ఒక ఆడమనిషి పడుకుని ఉంది.

"ఆవిడ?"

"మా ఉద్యోగి, మేడమ్. పనిలో ఉంది."

"ఒక్క నిమిషం మేడమ్" అంది ఆవిడ కళ్ళు తెరవకుండానే. "నడుము దగ్గర చూస్తున్నాను."

ఇంతలో కొనుగోలుదారులు ప్రవేశించారు. సూదక్క వచ్చి ఒక పరుపు తడిమి, "ఎంత?" అని నాటకంలో రాణిలా అడిగింది. అంతలో దాని అంచున ఒక దారం వేలాడుతూ కనబడింది. పాపం, చెయ్యి ఊరుకోదు. కొప్పులోంచి సూది తీసి నాలుగు కుట్లు వేసింది. అటువైపు దూదితాత తన వంతు మాట మరిచిపోయి, ఉండ కట్టిన దూది కనబడగానే కూర్చుని విడదీయడం మొదలెట్టాడు. బండన్న బేరమైనా ఆడకుండా ఒక పరుపు భుజానికెత్తుకుని, "ఎక్కడికి వెయ్యాలి, బాబుగారూ?" అన్నాడు.

ఆఫీసరమ్మ ముగ్గురినీ వరసగా చూసింది. "మీకు కొనడానికి వచ్చేవాళ్ళు చాలా శ్రద్ధగా ఉన్నారే."

"అవునండీ. మా సరుకంటే అభిమానం."

"కొనకముందే కుట్టుకుంటారా?"

"కొందరు... కుట్టుకుని కొంటారు."

ఆఫీసరమ్మ స్టూలు మీద కూర్చుని, సంచిలోంచి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "సరే, మొదలు పెడదామా?" అంది.

అంతే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడిగినా అడక్కపోయినా దడగారు గడగడా కక్కేశారు. వీళ్ళు కొనేవాళ్ళు కాదు, నా పనివాళ్ళు. ఏళ్ళుగా దాచాను. మా ఆవిడ ఉద్యోగం ఉత్త కాగితం, పన్ను తప్పించుకోవడానికి పెట్టింది. సలహా ఇచ్చింది మా తోడల్లుడు, ఆ మూడో చుట్ట వెనక ఉన్నాడు. నన్నేమైనా చెయ్యండి, షట్టరు మీద మాత్రం ఆ ఎర్ర ముద్ర వెయ్యకండి, వీధిలో తలెత్తుకోలేను, మా నాన్న తలమీద మోసిన కొట్టు.

ఆ మాటతోపాటే మూడో చుట్ట తుమ్మింది. దూది నుసి. చుట్ట రెండోసారి తుమ్మి, పక్కకు ఒరిగి, దానితోపాటు నాలుగు పరుపులు పడి, వాటి కిందనుంచి మినహాయింపు తెల్లటి జుట్టూ తెల్లటి కనుబొమలతో పాక్కుంటూ బయటికొచ్చాడు. ఒక్క పూటలో ముసలివాడైపోయాడు.

ఆఫీసరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఇవన్నీ నాకెందుకు చెబుతున్నారండీ?"

"తనిఖీకి వచ్చారు కదా."

"తనిఖీ ఏమిటి? చిన్న వ్యాపారులకి సలహా చెప్పే గది మాది. పిలిస్తే కొట్టుకి కూడా వస్తాం. నిన్న ఫోనులో అదే చెబుతున్నాను. మీ వైపునుంచి ఏదో దిండు మాట్లాడుతున్నట్టుంది."

"పిలిస్తేనా? ఎవరు పిలిచారు?"

పరుపు మీద మనిషి లేచి కూర్చుని జుట్టు సరిచేసుకుంది. "నేనే."

"నువ్వా? ఆ భవనంలోకి వెళ్ళావా?" దడగారి గొంతు పీలగా వచ్చింది. "లోపలికి?"

"బయట నిలబడి అరవలేను కదండీ."

దడగారికి అప్పుడు వెలిగింది. సలహా చెప్పడానికి వచ్చిన మనిషికి తన నోటితో తనే నేరమంతా అప్పగించారు. అడగని పులి ముందు మెడ చాపినట్టయింది. "మేడమ్, ఇందాక నేనన్నవన్నీ... భయంలో అన్నానండీ."

"అన్నవి అన్నట్టే ఉన్నాయి" అంది ఆఫీసరమ్మ. "కానీ అవన్నీ పాత సంగతులు. ఈ నెల మొదటినుంచీ ముగ్గురి పేర్లూ నమోదై ఉన్నాయిగా, మీ సంతకంతో."

దడగారు భార్య వైపు చూశారు. ఆవిడ పరుపు మీది ముడత సరిచేస్తోంది.

"చదువుతారా అని అడిగాను" అంది.

ఆఫీసరమ్మ స్టూలు ముందుకు జరుపుకుంది. "ఒకటి చెప్పండి. ఇన్నాళ్ళూ ఈ ముగ్గురి జీతాలూ ఎక్కణ్ణుంచి ఇచ్చేవారు?"

"గల్లాపెట్టెలోంచే."

"ఖర్చు కింద రాశారా?"

"రాస్తే దొరికిపోతాం కదండీ."

"ఖర్చు కింద రాయలేదు గనక అది మీ లాభంలో కలిసింది. లాభానికి పన్ను కట్టారు. అంటే వాళ్ళ జీతం వాళ్ళకిచ్చి, ఆ జీతం మీద పన్ను మాకిచ్చారు. ఎన్నేళ్ళ నుంచి?"

దడగారి ముఖం, ఒకే టిక్కెట్టు రెండుసార్లు కొని నిలబడి ప్రయాణం చేసినవాడి ముఖంలా అయింది. మెల్లగా తోడల్లుడి వైపు తిరిగారు.

"దానికో మినహాయింపు..." అని మొదలెట్టి, మినహాయింపు మళ్ళీ తుమ్మాడు.

"నిధీ బీమా కలిపినా, మీ కొట్టు వరకు, ఇప్పుడయ్యేది మునుపటికంటే తక్కువే" అంది ఆఫీసరమ్మ. "ఆ లెక్క నేను వెయ్యలేదు. ఆవిడే వేసి తెచ్చింది, నేను సరిచూశానంతే. ఆవిడ ఉద్యోగానికీ పేచీ లేదు. పనేమిటో నా కళ్ళతో చూశాను."

"మరి... పాత బాకీ? ఇన్నేళ్ళ నిధి?" అన్నారు దడగారు. ఎర్ర ముద్ర ఇంకా కళ్ళముందునుంచి పూర్తిగా కదల్లేదు.

"తనంతట తాను వచ్చి కట్టినవాళ్ళని పెద్దగా పట్టుకోం. అయినా అది కట్టేశారుగా."

"ఎవరు?"

"నేనే" అంది భార్య. "నా జీతంలోంచి. మొదటి నెలది, రెండో నెలది. ఘనంగా రాశారు కదా, సరిపోయింది."

దూదితాత ముక్కుగుడ్డ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. సూదక్క, తాను కొనడానికి వచ్చిన సంగతి పూర్తిగా మరిచిపోయి, గలీబు ముందేసుకుని పనిలో పడింది. దడగారు మాత్రం అలాగే నిలబడిపోయారు. ఏ జీతం కోసం చెయ్యి చాపి, తే తే అన్నారో, ఆ జీతమే ఆయన షట్టరును కాపాడింది. ఆయన కాళ్ళకింద ఏదో మెత్తగా కదిలింది. పడిపోయిన పరుపు మీద నిలబడి ఉన్నారు.

ఆఫీసరమ్మ గొడుగు తీసుకుంది. పోతూ పోతూ ఆగి, ఆవిడ లేచిన పరుపు ఖరీదు అడిగి, రొక్కం ఇచ్చి, బిల్లు పుచ్చుకుని మరీ వెళ్ళింది. బండన్న ఆ పరుపును ఇంటికి చేర్చాడు.

కొట్టు సద్దుమణిగాక దడగారు గొంతు సవరించుకున్నారు. సంతోషం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో తెలియని మనిషి.

"ఏమోయ్. చాలా పెద్ద గండం తప్పించావు. నీకు బాకీ పడ్డాను. మెల్లగా తీరుస్తాలే."

"అప్పు కాదండీ అది."

"మరి?"

"పెట్టుబడి. మేడమ్‌ని అడిగాను. కొట్టుకి డబ్బు పెట్టినవాళ్ళని ఏమంటారని. భాగస్వామి అంటారట."

దడగారు నవ్వబోయారు. ఆవిడ ముఖం చూసి నవ్వు మధ్యలో ఆపేశారు.

"ఎందుకే అంత శ్రమ? ఇకమీదట హాయిగా ఇంట్లో ఉండు. ఉద్యోగం అవసరం తీరిపోయిందిగా."

"నన్ను తీసేస్తారా?" ఆవిడ చాలా మామూలుగా అడిగింది. "తీసెయ్యండి. అయితే నెల ముందు చెప్పాలి, కారణం రాసివ్వాలి. నేనేం పని చెయ్యలేదో అందులో స్పష్టంగా ఉండాలి."

మినహాయింపు, ఇంకా దూది రాలుస్తూనే, సందు చూసి దూరాడు. "వదినా, అన్నయ్యకి అక్కర్లేకపోతే మా ఆఫీసుకు రా. ఆ భవనం మెట్లు భయపడకుండా ఎక్కే మనిషి నాకు చాలా అవసరం. అన్నయ్య ఇచ్చేదానికంటే ఎక్కువే ఇస్తాను."

"నోర్ముయ్యి" అన్నారు దడగారు. ఆ కంఠం వీధిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. రేపటినుంచి తానొక్కరే కొట్టులో కూర్చుని, కవర్లు తానే తెరిచి, ఫోనులు తానే ఎత్తడం ఆయన కళ్ళకు కట్టింది. పన్ను ఆఫీసు భయం ఈ భయం ముందు పసిపాప. "సగం. సగం వాటా రాసిస్తాను. చాలా?"

"మరి సగం పని?"

"చేస్తున్నానుగా సగం పని."

"కొట్టులో చేస్తున్నారు. భాగస్వామ్యమంటే ఒక్క కొట్టుకేనా? నేను వచ్చి మీ పనిలో సగం మోస్తుంటే, ఇంటి పనిలో సగం ఎవరు మోస్తారు?"

జీవితమంతా బేరాలాడిన మనిషి, ఆ బేరంలో ఎదుటివాళ్ళు చెప్పిన ధరకే సరేనన్నారు.

ఆ సాయంత్రం ఆవిడ ముందుగదిలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎదురుగా మినహాయింపు నోటుపుస్తకం పట్టుకుని, ఒక దర్జీ కొట్టువాడి చిక్కు చెప్పి, దానికేం చెయ్యాలో రాసుకుంటున్నాడు. ఊరికే కాదు, రుసుము ముందే ఇచ్చాడు. వంటింట్లోంచి ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు వస్తోంది.

మినహాయింపు రాయడం ఆపాడు. "అన్నయ్యా, ఏడుస్తున్నావా ఏమిటి?"

"ఏడుపెందుకోయ్? ఉల్లిపాయలు."

మినహాయింపు లేచి గుమ్మందాకా వెళ్ళి తొంగి చూశాడు. పీట మీద దడగారు, చేతిలో చాకు, ముందు చాట.

"అన్నయ్యా" అన్నాడు జాలిగా. "అవి బంగాళాదుంపలు."